అటక మీది మందుల డబ్బా

విజయవాడ అజిత్‌సింగ్ నగర్ నుంచి ఒక ఇల్లాలు రాసిన ఉత్తరం ఇది. పేరు చెప్పవద్దన్నారు. ముప్ఫై ఆరేళ్ళు. భర్త ఆటోనగర్‌లో లేత్ పని చేస్తారు. నాలుగేళ్ళ బాబు. ఇంట్లో అరవై ఎనిమిదేళ్ళ అత్తగారు ఉన్నారు. మామగారు పెద్దపేగు క్యాన్సర్‌తో 2024 చివర్లో పోయారు. సంవత్సరీకం కూడా అయిపోయింది.

ఆయన జబ్బు రోజుల్లో కొన్న మందులన్నీ ఒక పెద్ద స్టీలు డబ్బాలో ఉన్నాయట. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు ఇంట్లోకి వచ్చిన పొద్దున, బియ్యం బస్తాలూ ఫ్రిజ్జూ అలాగే వదిలేసి, అత్తగారు ఆ డబ్బాను నెత్తిన పెట్టుకుని మేడ ఎక్కారు. నీళ్ళు తీశాక ఇంట్లో పనికొచ్చే వస్తువంటూ మిగిలింది అదొక్కటే. ఇప్పుడది అటక మీద ఉంది. ఎవరినీ ముట్టుకోనివ్వరు. "వీటి కోసం నా గాజులు తాకట్టు పెట్టాం, పారేస్తారా?" అంటారు.

ఆవిడ గుడికి వెళ్ళినప్పుడు ఈ అమ్మాయి డబ్బా దింపి, లోపల ఏమున్నాయో కాగితం మీద రాసుకుంది. మార్ఫిన్ మాత్రలు నాలుగు స్ట్రిప్పులు. ఒంటికి అంటించే ఫెంటనిల్ పట్టీలు రెండు. క్యాపెసిటబిన్ ఒక స్ట్రిప్పు. డెక్సామెథాసోన్ మాత్రలు చాలా. వాంతుల మందులు, గ్యాస్ మాత్రలు. టెల్మిసార్టాన్ 40, రెండు కంపెనీలవి. అజిత్రోమైసిన్ మూడు మాత్రలు. మూత తీసిన కళ్ళ చుక్కలు. బాబుకు పోయిన ఏడాది నీళ్ళు కలిపిన యాంటీబయాటిక్ సిరప్ సగం సీసా. పేరు గానీ తేదీ గానీ కనిపించని కత్తిరించిన ముక్కలు పద్దెనిమిది.

"అత్తయ్య నాలుగు నెలలుగా మోకాళ్ళ నొప్పికి మామయ్య డెక్సామెథాసోన్ మాత్ర రోజుకొకటి వేసుకుంటున్నారు. 'మీ మామయ్య మందు నన్ను నిలబెట్టింది' అని అందరికీ చెబుతున్నారు. ముఖం కాస్త గుండ్రంగా అయింది. పోయిన నెల పరీక్ష చేయిస్తే పరగడుపు షుగరు 168 వచ్చింది, ఇంతకుముందు ఎప్పుడూ లేదు. పనమ్మాయి కూతురికి దగ్గు వస్తే అజిత్రోమైసిన్ రెండు ఇచ్చి పంపారు. మా వారితో చెబితే 'అమ్మకు మిగిలింది అదొక్కటే, వదిలెయ్' అంటారు. వచ్చే వారం అత్తయ్య తెనాలిలో మా ఆడపడుచు ఇంటికి వెళ్తున్నారు. పది రోజులు ఉంటారు. ఆ సమయంలో డబ్బా మొత్తం ఏలూరు కాలువలో కలిపేద్దామనుకుంటున్నాను. చెప్పకుండా చేస్తే తప్పా?"

అమ్మా, తప్పొప్పుల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ మోకాళ్ళ నొప్పి మాత్ర సంగతి చూడాలి. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు గానీ, నేను అక్కడే ఆగిపోయాను.

నేను ఒక పెద్దాసుపత్రి మందుల గదిలో ఇరవై తొమ్మిదేళ్ళు ఫార్మసిస్టుగా పనిచేశాను. డెక్సామెథాసోన్ అనేది స్టెరాయిడ్. క్యాన్సర్ రోగులకు వాంతులు తగ్గడానికి, వాపు తగ్గడానికి, నాలుగు మెతుకులు తినాలనిపించడానికి ఇస్తారు. మోకాళ్ళ వాపునూ అది తగ్గిస్తుంది. కాబట్టి అత్తయ్యగారికి హాయిగా ఉందంటే అది భ్రమ కాదు, మందు పనిచేస్తోంది. గుండ్రమైన ముఖం, కొత్తగా వచ్చిన షుగరు కూడా ఆ మందు చేసే పనులే అయి ఉండవచ్చు. ఈ ముక్క షుగరు పరీక్ష చూసిన డాక్టరుకు చెప్పారా? చెప్పి ఉండరు. వారు దాన్ని మామూలు మధుమేహం అనుకుని మందు రాస్తే, ఆ డబ్బాలోకి ఇంకో స్ట్రిప్పు చేరుతుంది.

అసలు ప్రమాదం మరోచోట ఉంది. మన మూత్రపిండాల మీద అడ్రినల్ గ్రంథులని చిన్న గ్రంథులు ఉంటాయి. శరీరానికి కావలసిన స్టెరాయిడ్‌ను రోజూ అవే తయారు చేసుకుంటాయి. బయటి నుంచి వారాల తరబడి మాత్ర రూపంలో అందుతుంటే అవి పని మానేసి కూర్చుంటాయి. మూడు వారాలు దాటి వాడినవారు ఉన్నట్టుండి ఆపేస్తే, ఆ గ్రంథులు వెంటనే లేచి పని అందుకోలేవు. తీవ్రమైన నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదకు రావడం జరుగుతుంది. అత్తయ్యగారివి నాలుగు నెలలు. మీరు అనుకున్నట్టు డబ్బా కాలువలో కలిపేస్తే, తెనాలి నుంచి వచ్చాక ఆవిడకు మాత్ర దొరకదు. ఆ తర్వాత రెండు మూడు రోజులకు ఆవిడ మంచం పడితే, కారణం ఇదని ఎవరికీ తట్టదు. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. మీరు మంచి కోరి చేయబోయే పని ఎటు దారి తీయవచ్చో చెబుతున్నాను.

అందువల్ల తెనాలి ప్రయాణానికి ముందే ఆవిడను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. మోకాళ్ళకని చెప్పండి, అది నిజమే కదా. స్ట్రిప్పు, షుగరు కాగితం వెంట ఉండాలి. ఎన్ని మిల్లీగ్రాముల మాత్ర, రోజుకు ఎన్ని, ఎప్పటి నుంచి అన్నది చీటీ మీద రాసుకుని వెళ్ళండి. డాక్టరు మెల్లమెల్లగా తగ్గించే పద్ధతి రాస్తారు. ఆ లోపల మీ అంతట మీరు ఆపవద్దు, పెంచవద్దు, దాచవద్దు. తెనాలికి లెక్క ప్రకారం ఇచ్చి పంపండి, ఆడపడుచుకూ విషయం చెప్పండి. మధ్యలో జ్వరం గానీ వాంతులు గానీ కళ్ళు తిరగడం గానీ వస్తే అత్యవసర విభాగానికి వెళ్ళి, మొదటి మాటగా 'స్టెరాయిడ్ వాడుతున్నారు' అని చెప్పాలి.

రెండోది మార్ఫిన్, ఫెంటనిల్. రెండూ తీవ్రమైన నొప్పికి ఇచ్చే బలమైన మందులు. మిగతా అన్ని విషయాల్లోనూ నిదానంగా వెళ్ళమంటాను. ఈ రెండింటి విషయంలో మాత్రం ఇవాళే చేయండి. నాలుగేళ్ళ పిల్లవాడు ఉన్న ఇల్లు. పెద్దవారి నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మాత్ర ఒకటి రెండు మింగినా పసివాడికి శ్వాస ఆగిపోవచ్చు. ఫెంటనిల్ పట్టీ చూడటానికి దెబ్బకు వేసే ప్లాస్టర్‌లా ఉంటుంది, పిల్లలు సరదాకు అంటించుకుంటారు. వాడి తీసేసిన పట్టీలోనూ మందు మిగిలే ఉంటుంది. ఎవరైనా పొరపాటున వేసుకుని, లేపినా లేవకుండా, ఊపిరి మెల్లగా తీస్తూ, కంటిపాపలు సూదిమొనల్లా కుంచించుకుపోయి కనిపిస్తే వెంటనే 108కి ఫోను చేయాలి.

వీటిని వదిలించుకోవడానికి రెండు దారులు ఉన్నాయి. మామగారికి ఇచ్చిన ఆస్పత్రికే తిరిగి అప్పగించడం మొదటిది. మార్ఫిన్ లెక్కలు గట్టిగా ఉండే మందు, ఇచ్చినచోట రిజిస్టరు ఉంటుంది. మామగారి ఫైలు తీసుకుని మీ వారు వెళ్ళి అడగాలి. అక్కడ తీసుకోకపోతే రెండో దారి. కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ 2025లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఇంట్లో మిగిలితే మరుగుదొడ్డిలో వేసి నీళ్ళు పోసేయమని 17 మందుల జాబితా ఉంది. మార్ఫిన్, ఫెంటనిల్, ట్రమడాల్, డయాజెపామ్ అందులో ఉన్నాయి. నీళ్ళలో కలవడం మంచిదని కాదు. ఇంట్లో ఉంటే ఒక ప్రాణం పోయే ప్రమాదం అంతకన్నా పెద్దదని. పట్టీని జిగురు వైపు లోపలికి వచ్చేలా సగానికి మడిచి వేయండి, జిగురుకు వేళ్ళు తగలకూడదు, తర్వాత చేతులు కడుక్కోండి. జాబితాలో లేని మందులను మాత్రం మరుగుదొడ్డిలో వేయకూడదు.

'అత్తయ్యకు చెప్పాలా?' అంటారేమో. ఈ రెండింటి గురించి అనుమతి అడగనక్కర్లేదు గానీ, దాచనూ వద్దు. బాబు పేరు చెప్పి, మీ వారి చేత చెప్పించండి. మనవడి మాట వచ్చినచోట ఏ నాయనమ్మా డబ్బా పక్షాన నిలబడదు.

క్యాపెసిటబిన్ క్యాన్సర్ కణాల మీద పనిచేసే మందు. దాన్ని వట్టి చేత్తో విరవడం, చిదమడం చేయవద్దు. స్ట్రిప్పుతో సహా ఒక కవరులో పెట్టి, మార్ఫిన్ అప్పగించడానికి వెళ్ళినప్పుడే ఆస్పత్రి ఫార్మసీలో అడిగి ఇవ్వండి. చాలా ఖరీదైన మందు కాబట్టి 'ఇంకెవరికైనా పనికొస్తుంది కదా' అనిపిస్తుంది. గాజులు తాకట్టు పెట్టిన మనిషికి అలా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. నేను కౌంటరులో ఉండగా ఇలా తెచ్చినవారు ఎందరో. 'పారేయడానికి చేతులు రావడం లేదు, ఎవరైనా బీదవాళ్ళకు ఇవ్వండి' అనేవారు. తీసుకోలేక, వారి ముఖం చూడలేక తలవంచుకునేవాణ్ణి. మందు రేకు మీద 'ముప్ఫై డిగ్రీలు దాటని చోట ఉంచాలి' అని రాసి ఉంటుంది. మన బెజవాడ మే నెలలో, శ్లాబు కింద అటక మీద ఎంత వేడి ఉంటుందో మీకు చెప్పాలా? వరదలో తడవకపోయినా, ఆ తర్వాత వేసవి దాన్ని వదలలేదు. తేదీ మిగిలి ఉన్నంత మాత్రాన ఇంకొక రోగికి ఇవ్వదగినదని ఏ ఫార్మసిస్టూ చెప్పలేడు.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్నకు వస్తాను. వెంటనే తీయవలసిన ఆ మందులు తీసేశాక మిగిలే డబ్బాను ఏం చేయాలి?

ఆవిడ లేనప్పుడు పారేయవచ్చు. పని ఒక పూటలో అయిపోతుంది. కానీ ఆవిడ తిరిగి వచ్చి అటక వైపు చూసిన క్షణం గురించి ఆలోచించండి. వరద మింగని డబ్బాను కోడలు మింగింది అవుతుంది. ఇకపై మీరు ఏం చెప్పినా, మోకాళ్ళ మందు గురించి చెప్పినా, ఆవిడ చెవికి ఎక్కదు. పైగా నొప్పి ఉంది కాబట్టి మందుల షాపులో అదే పేరు చెప్పి కొనుక్కుంటారు, ఈసారి మీకు తెలియకుండా. మీ వారు అన్నట్టు వదిలేయనూవచ్చు. అలాగైతే కనీసం తాళం వేయాలి, తాళంచెవి మీ వారి దగ్గర ఉండాలి, ఆవిడ వేసుకునే మందులు వేరుగా తీయాలి. అది పరిష్కారం కాదు గానీ, ఇంట్లో మాటలు లేని రోజుల్లో కొన్ని నెలలు గడపడానికి పనికొస్తుంది. నాకు నచ్చిన దారి మూడోది. ఆవిడనే కూర్చోబెట్టి, ఆవిడ చేతుల మీదుగానే ఖాళీ చేయించడం. దీనికి ఓపిక కావాలి. ఒక్క మధ్యాహ్నంలో అవదు. మధ్యలో ఏడుపు వస్తుంది. ఒక రోజు సగంలో మూత పెట్టేయవలసి రావచ్చు కూడా.

తెనాలి నుంచి వచ్చాక ఒక ఆదివారం చూసుకోండి. మీ వారు తప్పనిసరిగా ఉండాలి. ఇది అత్తాకోడళ్ళ తగవులా కనిపించకూడదు, తండ్రి సామాను కొడుకు సర్దుతున్నట్టు ఉండాలి. నేల మీద పాత పేపరు పరచి డబ్బా బోర్లించండి. 'పారేద్దాం' అనే మాటతో మొదలుపెట్టవద్దు. 'అత్తయ్యా, మీరు రోజూ వేసుకునేవి ఏవో ముందు తీయండి' అనండి. అప్పుడు ఇంకో సంగతి బయటపడవచ్చు. టెల్మిసార్టాన్ రెండు కంపెనీలవి ఉన్నాయన్నారు. పేర్లు వేరు, రంగులు వేరు, లోపల ఉన్నది ఒకటే బీపీ మందు. షాపులో ఒక కంపెనీది లేక ఇంకో కంపెనీది ఇచ్చినప్పుడు, పెద్దవాళ్ళు రెండూ వేసుకోవడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. మంచం మీంచి లేవగానే కళ్ళు తిరుగుతున్నాయని ఆవిడ ఎప్పుడైనా అన్నారా? గుర్తుచేసుకోండి. అందుకే పైన పెద్ద అక్షరాల కంపెనీ పేరు కాదు, కింద సన్నగా ఉండే మందు పేరు చూడాలి. అది కనబడకపోతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి.

తేదీల గురించి ఇంట్లో వాదన వస్తుంది, అందుకని ముందే చెబుతున్నాను. 06/2026 అని ఉంటే ఆ జూన్ నెలాఖరు వరకు అని అర్థం. గడువు దాటిన మర్నాడు మాత్ర విషమైపోదు, చాలావాటికి బలం తగ్గుతుంది అంతే. అత్తయ్యగారు ఆ మాట అంటే నిజమేనని ఒప్పుకోండి. కానీ బలం తగ్గితే ప్రాణం మీదకు వచ్చే మందులు ఉన్నాయి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునేవి, ఇన్సులిన్ అలాంటివి. ఇక మీ డబ్బాలోని కళ్ళ చుక్కలు మూత తీశాక నాలుగు వారాలే. నీళ్ళు కలిపిన యాంటీబయాటిక్ సిరప్ మందును బట్టి వారం నుంచి రెండు వారాలు. సీసా మీద రెండేళ్ళ తేదీ ఉన్నా అది కలపక ముందు పొడికి వర్తించేది. (ఇంత చెప్పే నా ఇంట్లోనే, ఫ్రిజ్ తలుపులో ఐదేళ్ళ నాటి చెవి చుక్కలు దొరికితే మా ఆవిడ వీధి వీధంతా చెప్పింది.)

ఆ పద్దెనిమిది ముక్కల గురించి వాదన అక్కర్లేదు. షాపువాళ్ళు స్ట్రిప్పును నాలుగు మాత్రలకు కత్తిరించి ఇచ్చినప్పుడు తేదీ ఉన్న చివర వాళ్ళ దగ్గరే మిగిలిపోతుంది. పేరు తెలియని మాత్ర మందు కాదు. ఇకముందు కత్తిరించి ఇస్తే, పేరు, తేదీ ఉన్న వైపు ఇమ్మని అడగండి, లేదా అక్కడే కవరు మీద రాయించుకోండి.

కాలువ సంగతి ఒక్క మాటలో చెబుతాను. వద్దు. యాంటీబయాటిక్ నీళ్ళలో కలిస్తే అక్కడి సూక్ష్మజీవులు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి. ఆ నీళ్ళు పొలాలకూ పోతాయి, దిగువ ఊళ్ళకూ పోతాయి. కాల్చడమూ వద్దు, పొగ మీ ఇంట్లోకే వస్తుంది. మాత్రలను రేకుల్లోంచి తీసి, వాడేసిన తడి టీ పొడిలోనో మట్టిలోనో కలిపి, గట్టి కవరులో మూట కట్టండి. సిరప్పూ అందులోనే పోయవచ్చు. పొడి చేయనక్కర్లేదు, గాలిలోకి లేస్తుంది. ఖాళీ రేకులనూ అట్టపెట్టెలనూ కత్తెరతో ముక్కలు చేయండి, మామగారి పేరున్న చీటీలు చింపండి. ఘనవ్యర్థాల నిబంధనలు పాత మందులను విడిగా ఇవ్వవలసిన వ్యర్థాల్లో చేర్చాయి. కాబట్టి తడి చెత్త, పొడి చెత్తలో కలపకుండా, మూట మీద 'పాత మందులు' అని రాసి, చెత్త బండి వచ్చినప్పుడు చెప్పి విడిగా ఇవ్వండి. సేకరణ ఏర్పాటు ఏదైనా ఉందేమో మీ వార్డు కార్యాలయంలో పారిశుద్ధ్యం చూసేవారిని అడగండి. కేరళలో 2025లో కోళికోడ్‌తో మొదలుపెట్టి పాత మందులను సేకరించే కార్యక్రమం చేపట్టారు. అడిగేవాళ్ళు ఉంటేనే ఇక్కడా కదులుతుంది.

పనమ్మాయి కూతురి విషయంలో అత్తయ్యగారిని దోషిని చేయకండి. ఆవిడ దృష్టిలో అది పుణ్యం. అయితే చాలా దగ్గులు వైరస్ వల్ల వచ్చేవి, అజిత్రోమైసిన్ వాటి మీద పనిచేయదు. అవసరం లేకుండా వేసిన యాంటీబయాటిక్ వల్ల నష్టమే. ఆ పిల్ల ఎలా ఉందో ఒకసారి కనుక్కోండి. ఇచ్చే చెయ్యిని కట్టేయకుండా, ఇవ్వడానికి ఇంకొకటి పెట్టండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు పది, ఒక థర్మామీటరు ఆవిడ దగ్గర ఉంచండి. విరేచనాలంటూ ఎవరు వచ్చినా పొట్లం మీద రాసినన్ని నీళ్ళలో మొత్తం కలపమని చెప్పి ఆవిడే ఇస్తారు. వీధిలో ఆవిడ పెద్దరికం అలాగే ఉంటుంది.

మందులు పోయాక ఆ స్టీలు డబ్బాను మాత్రం స్క్రాపుకు వేయవద్దు. కడిగి ఆవిడకే ఇవ్వండి. స్ట్రిప్పుల మీద 'పొద్దున ఒకటి, అన్నం తిన్నాక' అని ఆవిడ చేత్తో రాసినవి ఉంటాయి, ఖాళీ రేకు ఒకటి రెండు ఉంచుకుంటానంటే ఉంచుకోనివ్వండి. వాటి వల్ల ఎవరికీ హాని లేదు. ఆవిడ రోజూ వేసుకునే మందులు వంటగదిలో పొయ్యి దగ్గరా, ఫ్రిజ్ మీదా కాకుండా, పడకగది బీరువాలో బాబుకు అందని అరలో పెట్టండి.

ఇంకొకటి. డబ్బాతోపాటు మామగారి ఆస్పత్రి ఫైలు కూడా ఉండి ఉంటుంది. దాన్ని ఎవరూ పారేయకుండా చూడండి. పెద్దపేగు క్యాన్సర్ తండ్రికి వచ్చిందంటే, కొడుకుకూ కూతురికీ ఆ ముప్పు మామూలు వారికన్నా ఎక్కువ. పరీక్షలు ఏ వయసులో మొదలుపెట్టాలన్నది మామగారికి ఏ వయసులో బయటపడిందన్న దాన్ని బట్టి డాక్టరు చెబుతారు, అది ఆ ఫైలులో ఉంటుంది. అత్తయ్యగారిని మోకాళ్ళకని తీసుకువెళ్ళే రోజున మీ వారిని కూడా ఆ ఫైలు పట్టుకుని రమ్మనండి. తెనాలి ఆడపడుచుకు ఫోను చేసినప్పుడు ఈ ముక్క కూడా చెప్పండి.